నీడ ఎంతసేపు? — ఎత్తైన కట్టడములు, ఇరుగుపొరుగువారి ఆక్షేపణలు

పేటలోని ఖాళీస్థలమున ఇరవై ముప్పది అంతస్తుల భవనము లేవబోవుచున్నదని తెలియగానే ఇరుగుపొరుగువారు సంతకములు సేకరించి పురపాలకులకు మహజరు పంపుట పెద్ద నగరములన్నింటను జరుగుచున్నదే. ఆ మహజరులోని మాటలును ఏ దేశమునందైనను ఇంచుమించుగా ఒక్కటే: మంచినీరు చాలదు, మురుగుకాలువ చాలదు, వీధిలో బండ్లకు చోటుండదు, మా ఇండ్లకు ఎండ రాదు. కట్టించువారి జవాబును అంతటను ఒక్కటే: ఇవన్నియు కొత్తవారు రాకూడదను భయముచేత పుట్టిన మాటలని.

నీరు, మురుగు, బండ్ల సంగతిని ఇక్కడ విడిచిపెట్టి ఎండను గూర్చిన తగవును మాత్రము చూతము. దీనికి కారణమున్నది. తక్కిన ఆక్షేపణలకు ఊహలు కావలెను. ఎంతమంది వచ్చి చేరుదురో, ఎన్ని కార్లు కొందురో ముందుగా చెప్పుట కష్టము. నీడ అట్టిది కాదు. భవనమునకు పునాది తీయకముందే, అది ఏ నెలలో ఏ గంటకు ఎవరి కిటికీ మీద పడునో నిమిషములతో సహా చెప్పవచ్చును. అందుకు కావలసిన లెక్క పదవ తరగతి త్రికోణమితిని మించదు. ఆ లెక్క తగవును ఎంతవరకు తీర్చును, ఎక్కడ ఆగిపోవును అనునదే మన ప్రశ్న.

రెండు హోటళ్ళ వ్యాజ్యము

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున మయామీ బీచి అను సముద్రతీర పట్టణమున్నది. చలికాలమున ఉత్తరపు రాష్ట్రముల జనులు ఎండ కాగుటకై అక్కడకు పోవుదురు. అనగా అక్కడ ఎండయే సరుకు. ఆ తీరమున ఫౌంటెన్‌బ్లూ, ఈడెన్ రాక్ అను రెండు గొప్ప హోటళ్ళు పక్కపక్కన ఉన్నవి. మొదటిది దక్షిణమున, రెండవది ఉత్తరమున. 1950ల చివర ఫౌంటెన్‌బ్లూ వారు తమ స్థలపు ఉత్తరపు అంచున 14 అంతస్తుల కొత్త భాగమును కట్టనారంభించినారు. దాని ఎత్తు 160 అడుగులు, తూర్పు పడమరలుగా పొడవు 416 అడుగులు. చలికాలమున పగలు రెండు గంటలు మొదలు సాయంకాలము వరకు దాని నీడ తమ ఈతకొలను మీదను, అతిథులు ఎండ కాగు ఆవరణము మీదను పడుననియు, పని ఆపించవలసినదనియు ఈడెన్ రాక్ వారు వ్యాజ్యము వేసినారు. క్రింది న్యాయస్థానము పనిని తాత్కాలికముగా ఆపించినది. 1959లో అప్పీలు న్యాయస్థానము ఆ ఆజ్ఞను కొట్టివేసినది. పొరుగువాని స్థలము మీదుగా వచ్చు ఎండకు ఎవరికిని సహజమైన హక్కు లేదు. కట్టడము ఉపయోగకరమైనదైనచో, కొంత పంతముతో కట్టినను, నీడ పడినంతమాత్రమున దానిని ఆపుట కుదరదు — ఇది తీర్పు సారాంశము. న్యాయస్థానము నీడను కాదనలేదు, హక్కును కాదన్నది.

ఆ నీడను మనము లెక్కింతము. సూర్యకిరణము నేలతో చేయు కోణమును ఉన్నతాంశము అందురు. కట్టడపు ఎత్తును ఉన్నతాంశపు టాంజెంటుచే భాగించినచో నీడ పొడవు వచ్చును. మిట్టమధ్యాహ్నమున ఉన్నతాంశమును కనుగొనుట మిక్కిలి సులభము. ఉత్తరార్ధగోళమున, పగలు మిక్కిలి పొట్టిగా నుండు దినమున, అనగా డిసెంబరు 22 ప్రాంతమున, 90 డిగ్రీల నుండి ఆ ఊరి అక్షాంశమును, ఇంకను 23.4 డిగ్రీలను తీసివేయవలెను. మయామీ బీచి అక్షాంశము 25.8 డిగ్రీలు. కావున ఉన్నతాంశము 40.8 డిగ్రీలు, 160 అడుగుల కట్టడపు నీడ ఉత్తరమునకు సుమారు 185 అడుగులు. సౌరకాలము ప్రకారము రెండు గంటలకు సూర్యుడు 33 డిగ్రీలకు దిగును, నీడ సుమారు 250 అడుగులగును. నాలుగు గంటలకు 14 డిగ్రీలే. నీడ 640 అడుగులు దాటును. సూర్యుడు నైరృతి వైపు వాలుటచే ఈ నీడ ఈశాన్యమునకు, అనగా సముద్రపు వైపునకు జరుగుచు పోవును. ఈడెన్ రాక్ వారు చెప్పిన గంటలు ఈ లెక్కకు సరిపోవుచునే ఉన్నవి. లెక్క గెలిచినను వ్యాజ్యము ఓడినది.

అక్షాంశము పెరిగినకొలది

ఒకే భవనము ఒక ఊరిలో చిన్న పొరుగు, మరియొక ఊరిలో పెద్ద పొరుగు. డిసెంబరు 22 మధ్యాహ్నమున 100 మీటర్ల కట్టడపు నీడ హైదరాబాదులో సుమారు 86 మీటర్లు, టోకియోలో 167, న్యూయార్కులో 206, లండనులో 371 మీటర్లు. ఎండను గూర్చిన తగవులు చలిదేశములలో ముందుగా పుట్టుటకు ఇది ఒక కారణము. అక్కడ చలికాలపు ఎండ వేడిమికిని, బట్టలారుటకును, గోడల చెమ్మ పోవుటకును, మనసు హాయిగా నుండుటకును కూడ అవసరము.

న్యూయార్కులో 1915లో ఎక్విటబుల్ బిల్డింగ్ అను కార్యాలయ భవనము పూర్తియైనది. ఒక ఎకరమునకు కొంచెము తక్కువైన స్థలమున 38 అంతస్తులు, సుమారు 164 మీటర్లు, నేల అంచునుండి నిట్టనిలువుగా లేచినవి. లోపలి అంతస్తుల విస్తీర్ణము సుమారు 12 లక్షల చదరపు అడుగులు; అనగా స్థలమునకు ఇంచుమించు 30 రెట్లు. చలికాలపు మధ్యాహ్నమున దాని నీడ 330 మీటర్లు దాటును. చుట్టుపట్ల కార్యాలయములకు పగలే దీపములు కావలసివచ్చినవి. చీకటి గదులకు అద్దె తగ్గునని వాని యజమానులు గోల చేసినారు. మరుసటి ఏడు, 1916 జూలైలో, నగరము కట్టడముల ఆకారమునకు నియమములు చేసినది. కట్టడము ఒక ఎత్తు దాటిన తరువాత వీధినుండి మెట్లు మెట్లుగా వెనుకకు జరుగవలెను. స్థలములో నాలుగవ వంతు మీద మాత్రము ఎంత ఎత్తైనను లేపవచ్చును. మన గాలిగోపురములవలె పైకి పోయినకొలది సన్నగిల్లు న్యూయార్కు హర్మ్యముల ఆకారము వాస్తుశిల్పుల ముచ్చటచేత మాత్రమే వచ్చినది కాదు. పొరుగువారి ఆక్షేపణ చెక్కిన శిల్పమది.

టోకియో గంటల లెక్క

ఎండ తగవును అన్నిటికంటె శ్రద్ధగా లెక్కలోనికి దింపినవారు జపాను దేశస్థులు. 1960లలోను, 70ల తొలి సంవత్సరములలోను అక్కడి నగరములలో చిన్న కొయ్య ఇండ్ల నడుమ బహుళ అంతస్తుల నివాసభవనములు లేవసాగినవి. జపాను భాషలో ఎండకు హక్కు అను అర్థమిచ్చు 'నిష్షోకెన్' అను మాట ఇంటింటి మాటయైనది. టోకియో చెంతనున్న ముసాషినో నగరము 1971లో, 10 మీటర్లకు మించిన కట్టడము వేయువారు నీడ పడు ఇండ్లవారి సమ్మతి పొందవలెనని మార్గదర్శక నియమములు చేసినది. వానిని పాటింపని ఒక భవనమునకు నగరపాలకులు మంచినీరు ఇయ్యము పొమ్మన్నారు! దీనిపై మేయరు మీదనే అభియోగము వచ్చి, 1989లో ఆ దేశపు సుప్రీంకోర్టు అతనికి విధించిన జరిమానాను స్థిరపరచినది. పొరుగువారి పక్షమున నిలుచుట వేరు, నీటి కుళాయిని ఆయుధము చేసికొనుట వేరు అని న్యాయము.

అంతకుముందే, 1972 జూన్‌లో, ఆ సుప్రీంకోర్టు మరియొక ముఖ్యమైన తీర్పు చెప్పినది. అందులోని కట్టడము ఆకాశహర్మ్యము కాదు. దక్షిణపు పొరుగువాడు కట్టడముల చట్టమును మీరి వేసిన రెండవ అంతస్తు మాత్రమే. ఇంటికి వచ్చు ఎండ, గాలి చట్టము కాపాడదగిన ప్రయోజనములేయని, వానిని సహింపరానంతగా అడ్డగించినవాడు నష్టము చెల్లింపవలెనని కోర్టు నిర్ణయించినది. 1976లో చట్టమును సవరించి నీడకు కొలతలు పెట్టినారు. ఆ కొలత పద్ధతిని ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగును. డిసెంబరులోని మిక్కిలి పొట్టి దినమును తీసికొనుము. సౌరకాలము ప్రకారము ఉదయము 8 నుండి సాయంత్రము 4 వరకు మాత్రము లెక్కించుము. కట్టడపు స్థలము సరిహద్దునుండి 5 మీటర్ల దూరమున ఒక గీత, 10 మీటర్ల దూరమున మరియొక గీత గీయుము. ఈ రెండు గీతల నడుమ ఇన్ని గంటలకు మించియు, రెండవ గీతకు ఆవల ఇన్ని గంటలకు మించియు నీడ ఉండరాదు. ఆ గంటలను ప్రాంతమునుబట్టి నిర్ణయింతురు. ఉదాహరణకు మొదటి దానికి 4 గంటలు, రెండవ దానికి రెండున్నర. వ్యాపారపు పేటలకు ఈ నిబంధన లేదు.

ఇందు గమనింపవలసినది, వారు నీడ పొడవును గాని కట్టడపు ఎత్తును గాని అడుగలేదు. నీడ ఎంతసేపు అని అడిగినారు. ఇట్లు అడుగగానే లెక్క ఒక విచిత్రమైన జవాబు చెప్పును.

టోకియోలో ఒక ఇంటికి సరిగా దక్షిణమున 60 మీటర్ల దూరమున కట్టడము రానున్నదనుకొనుము. దానికి రెండు నమూనాలున్నవి. ఒకటి 80 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల ఎత్తుగల గోడ వంటి భవనము. రెండవది 20 మీటర్ల వెడల్పు, 160 మీటర్ల ఎత్తుగల స్తంభము వంటిది. ఇంటివైపునకు కనబడు ముఖపు వైశాల్యము రెండింటికిని ఒక్కటే, 3200 చదరపు మీటర్లు. లోతును లెక్కలో విడిచిపెట్టుదము. మహజరు దేనికి పంపవలెను? ఎవరైనను 160 మీటర్ల దానికే అందురు.

ఆ ఇంటినుండి చూచినచో సన్నని స్తంభము దిఙ్మండలమున సుమారు 19 డిగ్రీల మేర ఆక్రమించును. చలికాలపు మధ్యాహ్నమున సూర్యుడు అంత మేర దాటుటకు సుమారు 1 గంట 10 నిమిషములు చాలును. వెడల్పైన గోడ 67 డిగ్రీల మేర ఆక్రమించును. దానిని దాటుటకు నాలుగున్నర గంటలు కావలెను. మధ్యాహ్నమున ఆ ఇంటి దగ్గర సూర్యుని కప్పుటకు 36 మీటర్ల ఎత్తు చాలును; అంతకుమించిన ఎత్తంతయు ఆ ఇంటివారికి నీడను పెంచదు. ఎండను నిజముగా దొంగిలించునది ఎత్తు కాదు, వెడల్పు.

అయితే స్తంభమును కట్టించువారు అప్పుడే సంతోషింపనక్కరలేదు. గోడ నీడ మధ్యాహ్నమున 67 మీటర్లతో ఆగును. స్తంభము నీడ 267 మీటర్లు పోవును. గోడ వలన ఏ బాధయులేని ఇండ్ల మీదుగా గడియారపు ముల్లువలె తిరుగును. మొదటి నమూనాలో కొందరికి పెద్ద నష్టము. రెండవ నమూనాలో అనేకులకు కొంచెము కొంచెము నష్టము. ఈ రెంటిలో ఏది న్యాయమో చెప్పు టాంజెంటు పట్టిక ఇంతవరకు ఎవరును అచ్చువేయలేదు.

న్యూయార్కువాసులు ఈ రెండవ రకపు నష్టమును 1987లో చిత్రమైన రీతిగా చూపినారు. సెంట్రల్ పార్కు అను మహోద్యానపు నైరృతి మూలన, కొలంబస్ సర్కిలు దగ్గర, 58, 68 అంతస్తుల జంట గోపురములు లేపుటకు ఏర్పాట్లు జరిగినవి. మధ్యాహ్నము దాటిన తరువాత నీడ ఈశాన్యమునకు పడునని చూచితిమి గదా. ఈశాన్యమున ఉన్నది ఆ ఉద్యానమే. అక్టోబరు 18వ తేదీన వందలకొలది జనులు ఉద్యానమున బారులు తీరి, నీడ పడనున్న చోట్ల గొడుగులు విప్పి నిలిచినారు. మాజీ అధ్యక్షుడు కెన్నెడీ భార్య జాక్వెలిన్ ఒనాసిస్ కూడ వారిలో నుండినది. ఆ ఏడు డిసెంబరులో న్యాయస్థానము ఆ స్థలపు అమ్మకమును రద్దు చేసినది. అయితే కారణము నీడ కాదు. ఎక్కువ ఎత్తునకు అనుమతినిచ్చి నగరము డబ్బు తీసికొనుట తగదని. నీడను గూర్చి జనము కూడుదురు, తీర్పు మరియొక దానిని గూర్చి వచ్చును. ఇది తరచు జరుగునదే. తరువాత మరియొక నమూనాతో అక్కడ జంట గోపురములే లేచినవి.

గాలి సంగతియు రెండు మాటలు చెప్పవలెను. నేల నుండి పైకి పోయినకొలది గాలి వేగము పెరుగును. ఎత్తైన వెడల్పు ముఖము ఆ వేగపు గాలికి అడ్డునిలిచినచో కొంతభాగము గోడ వెంట క్రిందికి జారి మూలల దగ్గర సుడితిరుగుచు వీధిలోనికి దూకును. ఇంగ్లండులోని లీడ్సు నగరమున 2007లో పూర్తియైన 112 మీటర్ల బ్రిడ్జ్‌వాటర్ ప్లేస్ అను భవనము చెంత, 2011 మార్చిలో గాలికి లారీ ఒరిగి పాదచారి ఒకడు మరణించినాడు. తరువాత గాలిని విరుచుటకు వీధిలో అడ్డు పలకలు నిర్మించినారు. ఇట్టి గాలిని కాగితము మీద లెక్కించుట నీడను లెక్కించుటవలె సులభము కాదు. నమూనాను గాలి సొరంగమున పెట్టి కొలువవలెను. ఇరుగుపొరుగువారు అడుగదగినది, కాని తరచు అడుగనిది, ఈ పరీక్ష ఫలితమునే.

మన ఊళ్ళలో

టోకియో నియమమును తెచ్చి హైదరాబాదులో గాని విజయవాడలో గాని అతికించుట తెలివి కాదు. హైదరాబాదు అక్షాంశము 17.4 డిగ్రీలు. ఏడాదికి రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతములలో, మధ్యాహ్నమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిలువు కట్టడమునకు పక్కకు నీడయే ఉండదు. ఆ నడుమ దినములలో సూర్యుడు మనకు ఉత్తరమున నుండును, కట్టడపు మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు పడును. జూన్ 21న కూడ 100 మీటర్ల భవనపు మధ్యాహ్నపు నీడ పది మీటర్లే. మే నెలలో పడమటి వైపున ఎవరైనను ఎత్తుగా కట్టి సాయంకాలపు ఎండను ఆపినచో కొందరు ధన్యవాదములు కూడ చెప్పవచ్చును! మనకు ఎండ బాధయు, అవసరమును.

అట్లని మన పేటలవారి ఆక్షేపణకు పసలేదనుట తప్పు. ఇక్కడ నష్టము నేరుటెండది కంటె ఆకాశపు వెలుతురుది. సందుకు ఎదురుగా నిలువుగోడ లేచినచో క్రింది అంతస్తు వంటగది కిటికీకి ఆకాశము కనబడు మేర తగ్గిపోవును, పగలే దీపము వేయవలసివచ్చును. డాబాల మీద సౌరఫలకములు పెట్టుకొన్నవారికి చలికాలపు నీడ రూపాయలలోనే తెలియును. ఒక గుండమునందలి కొన్ని ఫలకములు నీడలో పడినను, కలిపిన తీరునుబట్టి, తక్కిన వాని విద్యుత్తు కూడ తగ్గవచ్చును.

వెలుతురు విషయమున మన చట్టము కొత్తది కాదు. ఇంగ్లండులో 1832 నాటి చట్టము ప్రకారము ఒక కిటికీ 20 ఏండ్లు అడ్డులేక వెలుతురు పొందినచో ఆ వెలుతురుకు హక్కు ఏర్పడును. 1920లలో పెర్సీ వాల్డ్‌రమ్ అను నిపుణుడు చాలినంత వెలుతురు అనగా ఎంత అనుదానికి ఒక కొలత చెప్పినాడు: బల్ల ఎత్తున నిలిచిన చోటికి ఆకాశపు గోళార్ధపు వెలుతురులో వెయ్యింట రెండు వంతులు అందవలెను. మబ్బు పట్టిన దినమున ఇది సుమారు 10 లక్సులు. నేటి కొలతల ప్రకారము చదువుటకు ఇది మిక్కిలి తక్కువ. మన దేశమున 1882 నాటి అనుభోగ హక్కుల చట్టము ఆ 20 ఏండ్ల గడువునే తీసికొన్నది. ఆ చట్టము మొదట వర్తించిన కొద్ది ప్రాంతములలో మద్రాసు రాష్ట్రము ఒకటి గనుక, కోస్తా, రాయలసీమ జిల్లాలవారికి అది తొలినాటి నుండి ఉన్నదే. అయితే కొంచెము వెలుతురు తగ్గినంతమాత్రమున దావా నిలువదు. ఆస్తి విలువకు గాని, ఇంటివారి సుఖమునకు గాని, వారు చేసికొను వృత్తికి గాని గట్టి నష్టము కలిగినట్లు చూపవలెను. చీకటియైనది అని చెప్పుట చాలదు. ఎంత చీకటియైనదో చూపవలెను. ఈ పనికి ఇప్పుడు చవక లక్సు మీటర్లు దొరకుచున్నవి. కట్టడము రాకముందే కొలిచి తేదీతో వ్రాసిపెట్టుకొన్నవానికే అవి ఉపకరించును.

బడిలో చేయదగిన పరీక్ష

డిసెంబరు 22 ప్రాంతమున, ఆకాశము తేటగా నున్న దినమున, ఈ పరీక్ష చేయవచ్చును. ఒక సెంటీమీటరును 10 మీటర్లుగా తీసికొని, దళసరి అట్టతో రెండు ముక్కలు కత్తిరింపుడు: ఒకటి 8 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. ఎత్తు, రెండవది 2 సెం.మీ. వెడల్పు, 16 సెం.మీ. ఎత్తు. ఆటస్థలమున చదునైన రెండు పలకల మీద తూర్పు పడమరలుగా వీనిని నిలువుగా పాతుడు. రెండును ఒకదాని నీడ మరియొకదాని మీద పడనంత ఎడముగా నుండవలెను. ప్రతి అట్టకు సరిగా ఉత్తరమున 3 సెం.మీ. దూరమున ఒక చుక్క, 12 సెం.మీ. దూరమున మరియొక చుక్క పెట్టుడు. చుక్కలే ఇండ్లు. ఉత్తరదిక్కును దిక్సూచితో గాక, మధ్యాహ్నపు మిక్కిలి పొట్టి నీడతో ముందటి దినమే నిర్ణయించుకొనుట మేలు. ఉదయము 8 నుండి ప్రతి పావుగంటకు ఏ చుక్క నీడలో నున్నదో వ్రాయుడు.

హైదరాబాదు అక్షాంశమున లెక్క చెప్పునది ఇది: దగ్గరి చుక్కకు వెడల్పు అట్ట ఇంచుమించు ఏడు గంటలు నీడనిచ్చును, పొడవు అట్ట గంటా యాభై నిమిషములు. దూరపు చుక్కను వెడల్పు అట్ట ముట్టనే ముట్టదు. పొడవు అట్ట అరగంటకు లోపు మాత్రము ముట్టి పోవును. మీ కొలతలు దీనికి పది నిమిషములకు మించి తేడా చూపినచో మొదట అట్ట నిలువుగా నున్నదో లేదో చూడుడు, తరువాత ఉత్తరదిక్కును సరిచూడుడు. పిమ్మట నాలుగు చుక్కలకు నలుగురు విద్యార్థులను ఇంటివారుగా నిలిపి, ఒక్కొక్కరి మహజరును కొలతలతో సహా వ్రాయించి తరగతిలో చదివింపవచ్చును. పురపాలకుల స్థానమున కూర్చుండుటకు ఇద్దరు చాలరు; ముగ్గురుండవలెను.